ఫోన్‌లో ఫ్రీగా ఉన్న ‘బ్లూ ట్రైన్’ని రికార్డుగా ఎందుకు కొన్నాను?

ఇవాళ నా చేతిలో ఒక పెద్ద అట్ట కవర్ ఉంది. వీడియో చూడకుండా చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నా: కవర్ అంతా నీలం రంగు. దాని మీద ఒక మనిషి. మెడలో సాక్సఫోన్ వేలాడుతోంది. ఒక చెయ్యి తల వెనక్కి పోయింది, ఇంకో చెయ్యి నోటి దగ్గర ఉంది. ఫోటో తీస్తున్నారన్న ధ్యాసే లేదు ఆయనకి, ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు ఉన్నాడు.

ఆయన పేరు జాన్ కోల్ట్రేన్. ఆల్బమ్ పేరు ‘బ్లూ ట్రైన్’. రికార్డ్ చేసింది 1957లో. నా చేతిలో ఉన్నది మాత్రం 2022లో మళ్లీ అచ్చేసిన వినైల్ రికార్డు. మన తాతగారి తరంలో గ్రామఫోన్ ప్లేటు అనేవాళ్లే, ఆ కుటుంబంలోదే.

ఇది ఇంటికి వచ్చిన రోజు మా అన్నయ్య, అంటే మా పెద్దమ్మ కొడుకు, కవర్ తిప్పి చూసి ఒకటే అడిగాడు. “ఒరేయ్, ఇదే పాట నీ ఫోన్‌లో ఉంది కదరా? మరి డబ్బులెందుకు తగలేశావ్?”

న్యాయమైన ప్రశ్నే. నేను వెంటనే “సౌండ్ క్వాలిటీ అన్నయ్యా, వినైల్ వేరు” అన్నాను. ఇంటర్నెట్‌లో అందరూ చెప్పేదే నేనూ అప్పజెప్పాను. తర్వాత తెలిసింది, అది తప్పు జవాబని. సరైన జవాబు దొరకడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఈ ఎపిసోడ్ అదే. మీ దగ్గర రికార్డ్ ప్లేయర్ లేకపోయినా పర్లేదు, ఫోనూ ఇయర్‌ఫోన్సూ ఉంటే చాలు. చివర్లో ఒక చిన్న పని చెప్తా, ఈ రాత్రే చేయొచ్చు.

ఉద్యోగం పోయిన మనిషి

ముందు మనిషి గురించి. అది తెలియకపోతే ఈ రికార్డులో సగం వినపడదు.

కోల్ట్రేన్ 1926 సెప్టెంబర్ 23న అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టారు. తర్వాత ఫిలడెల్ఫియా చేరారు. 1955లో మైల్స్ డేవిస్ బ్యాండ్‌లో చోటు దొరికింది. జాజ్‌లో అప్పటికి అంతకంటే పెద్ద ఛాన్స్ లేదనుకోండి. కానీ అప్పటికే హెరాయిన్ అలవాటు ఉంది, తాగుడూ ఉంది. 1957 వసంతంలో మైల్స్ ఆయన్ని బ్యాండ్‌లోంచి తీసేశారు.

ఒక్కసారి ఆలోచించండి. వయసు ముప్పై. పనిలో టాలెంట్ ఉందని అందరికీ తెలుసు. కానీ నమ్మి పక్కన నిలబెట్టుకునేవాళ్లు లేరు. ఆ టైమ్‌లో ఆయన ఫిలడెల్ఫియాలో తల్లి ఉన్న ఇంటికి వెళ్లి, మత్తుమందు మానేశారు. హెరాయిన్ ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు ఎంత నరకం చూస్తుందో డాక్టర్లని అడిగితే చెప్తారు. ఆ ఏడాదే దేవుడి దయ వల్ల తనలో ఒక ఆధ్యాత్మికమైన మెలకువ వచ్చిందని ఆయన తర్వాత రాసుకున్నారు.

అక్కడి నుంచి న్యూయార్క్. అదే ఏడాది జులై నుంచి ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో థెలోనియస్ మంక్ అనే పియానో విద్వాంసుడి పక్కన వాయించడం మొదలుపెట్టారు. మంక్ పాటలు వంకర్లు తిరిగే సందుల్లాంటివి. ఒక్క క్షణం ఏమరితే దారి తప్పిపోతారు. రాత్రి తర్వాత రాత్రి ఆ సందుల్లో నడవడమే కోల్ట్రేన్‌కి ట్రైనింగ్ అయింది.

‘బ్లూ ట్రైన్’ రికార్డ్ చేసిన తేదీ 1957 సెప్టెంబర్ 15. మత్తు వదిలి కొద్ది నెలలే. ముప్పై ఒకటో పుట్టినరోజుకి ఎనిమిది రోజుల ముందు. అంటే ఇది పేరు తెచ్చుకున్న మాస్టర్ తీరిగ్గా చేసిన ఆల్బమ్ కాదు. రెండో ఛాన్స్ దొరికిన మనిషి, దాన్ని పాడు చేసుకోకూడదని చేసిన పని.

ఒక ఆదివారం, ఒక హాల్లో

ఆ రోజు ఆదివారం. చోటు న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్ ఊరు. స్టూడియో అంటే మీరు పెద్ద బిల్డింగ్ ఊహించుకుంటారు. కాదు. అది రూడీ వాన్ గెల్డర్ అనే ఇంజనీర్ వాళ్ల అమ్మానాన్నల ఇల్లు. వాళ్ల హాలే రికార్డింగ్ గది. రూడీ వృత్తి ఏంటో తెలుసా? కంటి పరీక్షలు చేసి కళ్లద్దాలు రాసివ్వడం. రికార్డింగ్ ఆయనకి రెండో ఉద్యోగం. సైడ్ ప్రాజెక్ట్ అని మనం ఇప్పుడు అంటాం కదా, అదన్నమాట. జాజ్ చరిత్రలో గొప్ప రికార్డులు చాలా ఆ హాల్లోంచే వచ్చాయి.

కంపెనీ పేరు బ్లూ నోట్. 1939లో మొదలైంది. నడిపేది ఆల్ఫ్రెడ్ లయన్, జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఆయన స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఫోటోలు తీసేవారు. కవర్లు డిజైన్ చేసేది రీడ్ మైల్స్. కోల్ట్రేన్‌కి అప్పటికే వేరే కంపెనీతో కాంట్రాక్ట్ ఉంది. అయినా అంతకుముందే లయన్‌కి ఒక ఆల్బమ్ చేస్తానని మాటిచ్చారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. బ్లూ నోట్‌కి లీడర్‌గా ఆయన చేసిన ఆల్బమ్ ఇదొక్కటే.

బ్లూ నోట్‌కి ఒక మంచి అలవాటు ఉండేది. రికార్డింగ్‌కి ముందు రిహార్సల్స్ పెట్టి, వాటికి కూడా వాద్యకారులకి డబ్బులిచ్చేది. ఆ రోజుల్లో చాలా కంపెనీలు ఆ పని చేసేవి కావు. అందరూ స్టూడియోకి వచ్చి, అప్పటికప్పుడు ఏదో వాయించి వెళ్లిపోయేవాళ్లు. ఈ ఆల్బమ్‌లో మూడు ఊదే వాయిద్యాలు ఒక్క గొంతులా కలిసి వినిపిస్తాయంటే, దాని వెనుక ఆ రిహార్సల్స్ ఉన్నాయి.

హాల్లో ఆరుగురు. సాక్సఫోన్ కోల్ట్రేన్. ట్రంపెట్ లీ మోర్గన్, వయసు పంతొమ్మిది. అవును, పంతొమ్మిదే, మన దగ్గర బీటెక్ సెకండియర్ కుర్రాడి వయసు. ట్రోంబోన్ కర్టిస్ ఫుల్లర్. పియానో కెన్నీ డ్రూ. బేస్ పాల్ ఛాంబర్స్, ఆయనకి ఇరవై రెండు. డ్రమ్స్ ఫిల్లీ జో జోన్స్. ఆఖరి ఇద్దరూ మైల్స్ బ్యాండ్‌లో కోల్ట్రేన్‌తో కలిసి వాయించినవాళ్లు. అంటే పాత ఆఫీసులో తోటివాళ్లు.

మొదటి పాట ఎలా వినాలి?

నిజం చెప్పేస్తున్నా. నేను ఈ పాట మొదటిసారి ఫోన్‌లో పెట్టినప్పుడు నలభై సెకన్లకి స్కిప్ కొట్టాను. బాగానే ఉంది కానీ ఏం వినాలో అర్థం కాలేదు. మాటలు లేవు, పల్లవి మళ్లీ రాదు, పది నిమిషాల పైన ఉంది. జాజ్ అంటే హోటల్ లిఫ్ట్‌లో వచ్చే మ్యూజిక్ అనుకునే బ్యాచ్‌లో నేనూ ఒకణ్ని.

నాకు దారి దొరికింది లెక్క పెట్టడం వల్ల. మీరూ ట్రై చేయండి.

పాటతో పాటు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మెల్లగా లెక్కపెట్టండి. ఆ నాలుగు దెబ్బలు కలిపితే ఒక బార్. అలాంటివి పన్నెండు అయితే ఒక చుట్టు పూర్తి. అంటే నలభై ఎనిమిది దెబ్బలు. మళ్లీ మొదటికి వస్తుంది. దీన్నే పన్నెండు బార్ల బ్లూస్ అంటారు. మన కచేరీల్లో తాళం ఒక ఆవర్తనం పూర్తి చేసుకుని మళ్లీ సమానికి రావడం చూశారు కదా, ఆ లాంటిదే. కింద చుట్టు మారదు, పైన వాయించేది మారుతూ ఉంటుంది.

ఇప్పుడు పాట మొదలు వినండి. మూడు వాయిద్యాలు కలిసి ఒక చిన్న మాట అంటాయి. తర్వాత కాస్త ఖాళీ. ఆ ఖాళీలో పియానో, డ్రమ్స్ జవాబు చెప్తాయి. మళ్లీ మాట, మళ్లీ జవాబు. చీకట్లో ఎవరో తలుపు తట్టినట్టు, లోపలి నుంచి ఎవరో పలికినట్టు ఉంటుంది. ఆ మాట పెద్ద కష్టమైనది కూడా కాదు, రెండుసార్లు వింటే మీరే హమ్ చేస్తారు.

ఒక నిమిషం లోపే కోల్ట్రేన్ ఒక్కరే బయల్దేరతారు. ఇక్కడి నుంచి రెండు నిమిషాల పైన ఆయన సోలో. కాగితం మీద రాసుకున్నది కాదు, అక్కడికక్కడ కల్పన. మొదట పొడవాటి స్వరాలు, గొంతు సవరించుకుంటున్నట్టు. తర్వాతి చుట్టులో వాక్యాలు పొడవవుతాయి. ఇంకో చుట్టులో స్వరాలు గుంపులుగా పరిగెడతాయి. అయినా కింద లెక్క తప్పదు, అది గమనించండి. ఎంత దూరం వెళ్లినా పన్నెండో బార్ అయ్యేసరికి ఇంటి గుమ్మంలో ఉంటారు. సోలో సాగుతుండగా వెనక మిగతా ఇద్దరూ చిన్న మాటతో తోడొస్తారు, “కానీ, కానీ” అని భుజం తట్టినట్టు.

తర్వాత పంతొమ్మిదేళ్ల లీ మోర్గన్. ఇంత గొప్ప సోలో తర్వాత మైక్ మీ చేతికిస్తే ఏం చేస్తారు? కుర్రాడు తడబడలేదు. మధ్యలో డ్రమ్స్, బేస్ వేగం రెట్టింపు అయినట్టు చేస్తాయి. మన వాళ్లు రెండో కాలం అంటారే, అలా. అతను దాని మీద ఎక్కి స్వారీ చేస్తాడు. తర్వాత ట్రోంబోన్, పియానో, బేస్. చివరికి మళ్లీ ముగ్గురూ కలిసి మొదటి మాట. అప్పుడు ఆ మాట మొదట విన్నట్టు ఉండదు. తలుపు వెనక ఎవరెవరున్నారో మీకు ఇప్పుడు తెలుసు.

ఆల్బమ్‌లో ఐదు పాటలు. నాలుగు కోల్ట్రేన్ సొంతం. ‘మొమెంట్స్ నోటీస్’లో కార్డ్స్ చాలాచోట్ల రెండు దెబ్బలకోసారి మారిపోతాయి. ఒక వాక్యం మధ్యలో భాష మారినట్టు. అయినా పాట హుషారుగా నడుస్తుంది, ఆ కష్టం వినేవాళ్ల మీద పడదు. ‘ఐయామ్ ఓల్డ్ ఫ్యాషన్డ్’ ఒక్కటే సొంతం కాదు, 1942 నాటి సినిమా పాట. అందులో కోల్ట్రేన్ మెల్లగా, దాదాపు అలంకారమే లేకుండా పాట చెప్తారు. వేగంగా వాయించేవాళ్లని అందరం మెచ్చుకుంటాం. వేగం తెలిసిన మనిషి ఆగి ఒక్కో స్వరాన్ని పట్టుకున్నప్పుడు ఏమవుతుందో ఇక్కడ వినండి.

టేపు నుంచి రికార్డు దాకా

సరే, ఇప్పుడు 2022కి వద్దాం. రీఇష్యూ అంటే ఏం చేస్తారు?

1957లో శబ్దం రికార్డయింది మాగ్నెటిక్ టేపు మీద. ఆ టేపే మాస్టర్. బ్లూ నోట్ 2019లో టోన్ పోయెట్ అని ఒక సిరీస్ మొదలుపెట్టింది. దాన్ని చూసుకునేది జో హార్లీ అనే నిర్మాత. పాత మాస్టర్ టేపుల్ని కెవిన్ గ్రే అనే మాస్టరింగ్ ఇంజనీర్ దగ్గరికి తీసుకెళ్లి, మధ్యలో కంప్యూటర్ లేకుండా టేపు నుంచి నేరుగా కట్టింగ్ మెషీన్‌కి ఎక్కిస్తారు. లక్క పూసిన పళ్లెం మీద ఒక సన్న పరికరం గాడి చెక్కుతుంది. ఆ పళ్లెం మీద లోహపు పూత వేసి, దాని నుంచి అచ్చు తీసి, ఆ అచ్చుతో రికార్డులు నొక్కుతారు.

ఆ గాడి గురించి ఒక సరదా లెక్క. రికార్డు నిమిషానికి ముప్పై మూడున్నర దగ్గర్లో చుట్లు తిరుగుతుంది. మొదటి వైపు ఇరవై నిమిషాలు, అంటే 660 చుట్లకి పైనే. సగటు చుట్టుకొలతతో గుణిస్తే గాడి పొడవు దాదాపు 400 మీటర్లు వస్తుంది. స్టేడియంలో రన్నింగ్ ట్రాక్ ఒక రౌండ్ అన్నమాట. సూది ఆ రౌండంతా గాడి గోడలు తడుముకుంటూ నడుస్తుంది.

ఇంకో విషయం. గాడిలో బేస్ శబ్దాలు ఉన్నవి ఉన్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పయిపోతుంది, పాటలు పట్టవు. అందుకని చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, పై శబ్దాలు పెంచుతారు. మీ ఆంప్లిఫయర్ దాన్ని తిరగేసి మామూలు చేస్తుంది. అంటే ఒక రకం ఎన్‌కోడింగ్, డీకోడింగ్. వినైల్ “ఏమీ కలపని స్వచ్ఛమైన శబ్దం” అనేవాళ్లకి ఇది గుర్తు చేయండి.

2022 సెప్టెంబర్‌లో, అంటే రికార్డింగ్‌కి అరవై ఐదేళ్లు నిండినప్పుడు, ఈ ఆల్బమ్‌ని రెండు రకాలుగా విడుదల చేశారు. ఒకటి మోనో, ఒకే రికార్డు. రెండోది స్టీరియో, రెండు రికార్డుల సెట్. మోనో అంటే శబ్దమంతా ఒకే చోటు నుంచి వస్తుంది. స్టీరియోలో వాయిద్యాల్ని ఎడమకీ కుడికీ పంచుతారు. 1957లో ఎక్కువ మంది ఇళ్లలో ఉన్నది మోనోనే. ఆరుగురూ ఒక గుంపుగా మీ మీదికి వస్తున్నట్టు కావాలంటే మోనో. ఎవరు ఎక్కడున్నారో విడదీసి వినాలంటే స్టీరియో.

నేను కొన్నది రెండు రికార్డుల సెట్. దానికి కారణం రెండో రికార్డు. అందులో ఏడు టేకులు ఉన్నాయి, అసలు ఆల్బమ్‌లోకి ఎక్కనివి. కొన్ని పూర్తి టేకులు, కొన్ని మధ్యలో ఆగిపోయినవి. వాటిలో నాలుగు అంతకుముందు ఎక్కడా బయటికి రాలేదు.

అవి వింటుంటే నాకు పాత కోడ్ కమిట్స్ చూస్తున్నట్టు అనిపించింది. ఫైనల్ వర్షన్ చూస్తే అంతా ముందే తెలిసి రాసినట్టుంటుంది. హిస్టరీ చూస్తే మనిషి కనిపిస్తాడు. అదే పాట, అదే మనుషులు, అదే రోజు. కానీ సోలో వేరు. ఒక టేకులో వెళ్లిన దారిలో ఇంకో టేకులో వెళ్లలేదు. అంటే ఆయన బట్టీ పట్టి వాయించలేదు, ప్రతిసారీ కొత్తగా ఆలోచించారు.

ఇంకో సంగతి విని నేను నవ్వుకున్నాను. మనం అందరం విన్న ‘బ్లూ ట్రైన్’ పాటలో పియానో సోలో ఉంది కదా, అది ఆ టేకుది కాదు. వేరే టేకులో కెన్నీ డ్రూ వాయించింది తెచ్చి, టేపు కోసి అతికించారు. అంటే 1957లో కూడా కట్ పేస్ట్ ఉంది, కాకపోతే బ్లేడుతో. “ఆ కాలంలో అంతా ఒక్క టేకులో స్వచ్ఛంగా” అన్న మాట అన్నిసార్లూ నిజం కాదు. నాకు దాని వల్ల గౌరవం తగ్గలేదు. పాట బాగుండాలని వాళ్లు ఎంత పట్టుబట్టారో తెలిసింది.

అన్నయ్య పెట్టిన పరీక్ష

మళ్లీ మొదటి ప్రశ్నకి వద్దాం. వినైల్ సౌండ్ నిజంగా వేరా?

మా అన్నయ్య ఊరుకునే రకం కాదు. ఒక ఆదివారం వచ్చి, “సరే, కళ్లు మూసుకో. ఏది రికార్డో, ఏది ఫోనో చెప్పు చూద్దాం” అన్నాడు. రెండింటి వాల్యూమ్ సమానం చేశాం. పాటల మధ్య నిశ్శబ్దంలో రికార్డు చిటపటలు దొరికిపోతాయి కాబట్టి, అందరూ గట్టిగా వాయిస్తున్న చోట్లే పెట్టాడు. పదిసార్లు. నేను ఆరుసార్లు కరెక్ట్ చెప్పాను. నాణెం ఎగరేసి చెప్పినా ఐదు వస్తాయి. “ఇంత దానికా రా?” అన్నాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ సబ్జెక్ట్ చదివినవాణ్ని, నాకు ముందే తట్టాల్సింది. డిజిటల్ అంటే మెట్లు మెట్లుగా తెగిపోయిన శబ్దం అని బొమ్మ వేసి చూపిస్తారు కదా, ఆ బొమ్మ తప్పు. సీడీలో సెకనుకి 44,100 శాంపిల్స్ తీస్తారు. మన చెవికి వినపడే 20,000 హెర్ట్జ్ వరకు, ఆ శాంపిల్స్ నుంచి మళ్లీ నున్నని తరంగమే బయటికి వస్తుంది, మెట్లు రావు. నిశ్శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య ఉండే తేడా కూడా సీడీలోనే ఎక్కువ పడుతుంది. వినైల్‌కి పరిమితులున్నాయి. రికార్డు అంచున గాడి సెకనుకి యాభై సెంటీమీటర్ల వేగంతో సూది కింద నుంచి పోతుంది. లోపలికి వచ్చేసరికి ఆ వేగం సగం కంటే తగ్గిపోతుంది. అందుకే ప్రతి వైపు ఆఖరి పాటలో పై శబ్దాలు కాస్త నలిగే ప్రమాదం ఎక్కువ.

నేనొక్కణ్నే బోల్తా పడలేదు లెండి. 2022లోనే అమెరికాలో మొబైల్ ఫిడిలిటీ అనే పేరున్న రీఇష్యూ కంపెనీ విషయం బయటపడింది. వాళ్ల ఖరీదైన రికార్డులు పూర్తిగా అనలాగ్ అని జనం నమ్మేవాళ్లు. తీరా చూస్తే చాలావాటి తయారీలో మధ్యలో డిజిటల్ కాపీ ఉంది. అది కోర్టు దాకా వెళ్లింది. అప్పటిదాకా ఆ రికార్డుల్ని అనలాగ్ సౌండ్ అని మెచ్చుకున్నవాళ్లలో ఆరితేరిన శ్రోతలు కూడా ఉన్నారు. కంపెనీ ముందే చెప్పి ఉండాల్సింది, అందులో సందేహం లేదు. కానీ చెవులు ఏం చెప్పాయో కూడా గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి మంచి మాస్టరింగ్ ముఖ్యం. శ్రద్ధగా తయారుచేసిన డిజిటల్ ఫైల్, అశ్రద్ధగా నొక్కిన వినైల్ కంటే బాగుంటుంది. ఇందులో నాకిప్పుడు అనుమానం లేదు.

మరి నాకు ఏం దొరికింది?

పరీక్ష తర్వాత కొన్ని వారాలు రికార్డు అరలోనే ఉండిపోయింది. చూస్తే చిన్నతనంగా అనిపించేది. ఒకరోజు ఆఫీసు పని అస్సలు కలిసిరాక, రాత్రి ఊరికే తీసి పెట్టాను. అప్పుడు గమనించాను. నేను ఇరవై నిమిషాలు కదల్లేదు.

ఎందుకంటే రికార్డుకి స్కిప్ బటన్ లేదు. సూది ఎత్తి జరపొచ్చు, కానీ గీత పడుతుందని భయం. నోటిఫికేషన్ రాదు. “మీకు ఇది కూడా నచ్చొచ్చు” అని తర్వాతి పాట తోసుకు రాదు. ఇరవై నిమిషాలయ్యాక శబ్దం ఆగిపోతుంది. లేచి వెళ్లి తిప్పాలి. తిప్పాలా, చాలా అని నేనే నిర్ణయించుకోవాలి. ఫోన్‌లో పాట ఆగదు, నేనే అలిసిపోయి ఆపుతాను. ఆ తేడా నాకు అప్పుడు అర్థమైంది.

ఫోన్‌లో నలభై సెకన్లకి స్కిప్ కొట్టిన చోట, రికార్డు మీద నేను ఆగాను. ఆగినందువల్ల సోలో విన్నాను. సోలో విన్నందువల్ల ఆ మనిషి ఎవరో వెతికాను. ఒకప్పుడు బ్యాండ్‌లోంచి గెంటేసిన మనిషి, కొద్ది నెలల తర్వాత, ఒకరింటి హాల్లో నిలబడి, ఒక్కో చుట్టూ పూర్తి చేస్తున్నాడు. ఆ పని కోసం ఆయన ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడు. దానికి మనం ఇవ్వగలిగింది పది నిమిషాల ధ్యాస. నేను డబ్బులు పెట్టి కొన్నది ఆ ధ్యాసకి ఒక కంచె. అన్నయ్యకి ఇదే చెప్పాను. “అయితే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకోవచ్చు కదరా” అన్నాడు. నిజమే! అందుకే మీకు చెప్పే పని కూడా అదే.

ఈ రాత్రి చేయండి. ఫోన్‌లో ‘బ్లూ ట్రైన్’ ఆల్బమ్ డౌన్‌లోడ్ చేసుకుని ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. లైట్ తీసేయండి. మొదటి రెండు పాటలే, అంటే రికార్డులో మొదటి వైపు. ఇరవై నిమిషాలు. మొదటిసారి వేళ్ల మీద చుట్లు లెక్కపెట్టండి. రేపు మళ్లీ పెట్టి, కోల్ట్రేన్‌ని వదిలేసి కింద పాల్ ఛాంబర్స్ బేస్ ఒక్కటే పట్టుకుని నడవండి. ఎల్లుండి డ్రమ్స్. మూడు రోజుల్లో అదే పాట మూడు పాటలవుతుంది.

రికార్డే కొనాలనుకుంటే మూడు జాగ్రత్తలు. ఒకటి, సూట్‌కేస్ ఆకారంలో చవగ్గా దొరికే ప్లేయర్లలో చాలావాటికి సూది బరువు ఎక్కువ పడుతుంది, రికార్డు త్వరగా అరుగుతుంది. రెండు, ఏ టేపు నుంచి, ఎవరు మాస్టర్ చేశారో కవర్ మీద ఉందా చూడండి. యూరప్‌లో అంత పాత రికార్డింగ్స్‌కి హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి, ఎవరైనా సీడీ నుంచి తీసి వినైల్ నొక్కి అమ్మొచ్చు. అలాంటిదానికి ఎక్కువ ధర పెట్టడం దండగ. మూడు, పాట ముందు ఫోన్‌లో పదిసార్లు వినండి. పదకొండోసారి కూడా వినాలనిపిస్తేనే కొనండి.

ముగించేముందు, ఆయన తర్వాత కథ. 1958లో మైల్స్ డేవిస్ ఆయన్ని మళ్లీ పిలిచారు. 1964 డిసెంబర్‌లో ‘ఎ లవ్ సుప్రీమ్’ రికార్డ్ చేశారు. 1957లో తనకి దొరికిన ఆ మెలకువకి కృతజ్ఞతగా చేసిన ఆల్బమ్ అది. ఆయనకి మన సంగీతం మీద ఆసక్తి పెరిగింది. 1965లో పుట్టిన కొడుక్కి పండిట్ రవిశంకర్ పేరు మీద రవి అని పెట్టుకున్నారు. ఆ రవి కోల్ట్రేన్ ఇప్పుడు సాక్సఫోన్ విద్వాంసుడు. 1967 జులైలో జాన్ కోల్ట్రేన్ కాలేయ క్యాన్సర్‌తో పోయారు. నలభై ఏళ్లే.

భార్య ఆలిస్ కోల్ట్రేన్ కూడా గొప్ప విద్వాంసురాలు, పియానో, హార్ప్ వాయించేవారు. ఆయన పోయాక ఆమె ఆ ఆధ్యాత్మిక దారిలో ఇంకా ముందుకెళ్లి, మన పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలయ్యారు. కాలిఫోర్నియాలో సాయి అనంతం అని ఆశ్రమం నడిపి, అక్కడ భజనలు పాడించారు. హ్యాకెన్‌సాక్ హాల్లోంచి బయల్దేరిన దారి మన పుట్టపర్తిని తాకి వెళ్లిందని తెలిసినప్పుడు, ఈ సంగీతం నాకు అంత పరాయిగా అనిపించలేదు.

సరే ఫ్రెండ్స్, ఇవాళ్టికి ఇంతే. మా అన్నయ్య పోయిన వారం వచ్చాడు. రాగానే సోఫాలో కూర్చుని, “ఆ నీలం కవర్ది పెట్టు” అన్నాడు. రెండో వైపు తిప్పడానికి తనే లేచాడు. మళ్లీ కలుద్దాం, ఉంటాను.